వెనక మెట్లు

2019 అక్టోబరు 7, సోమవారం. హర్స్‌లీ

ఇంటి ముఖం గురించి ఈ రాత్రే రాసిపెట్టుకోవాలి. రేపట్నుంచి రోజూ చూసేదే కనక ఇక కంటికి ఆనదు.

హర్స్‌లీ ఇంగ్లండ్‌లో వించెస్టర్‌కి నైరుతి దిక్కున అయిదు మైళ్ళు ఉంటుందేమో. చిన్న ఊరు, చెప్పుకోవడానికి ఒకటే వీధి. గేటు దాటాక పచ్చిక, పెద్ద పెద్ద చెట్లు, వాటి మధ్య బంగళా. ఎర్ర ఇటుక, తెల్ల రాతి అంచులు, వరసగా పొడుగాటి కిటికీలు, నడిమధ్యన ముక్కోణపు నుదురు. 1721–24 మధ్య విలియం హీత్‌కోట్ కట్టించాడు. శైలి పేరు క్వీన్ ఆన్. ఆ రాణిగారు 1714లోనే పోయారు, పని మొదలయ్యే నాటికి గద్దె మీద ఉన్నది మొదటి జార్జి. రాజులు మారినంత తొందరగా మేస్త్రీల చెయ్యి మారదు మరి.

రెండు పక్కలా ఉన్న రెక్కలు హీత్‌కోట్ నాటివి కావు. 1902లో జార్జి కూపర్ ఈ ఎస్టేటు కొన్నాడు. భార్య అమెరికా ఆస్తిపరురాలు. ఆ డబ్బుతో ఇంటిని పెంచారు, లోపల బాల్‌రూమూ అదీ హంగుగా తీర్చారు. దాదాపు నూట ఎనభై ఏళ్ళ తేడా ఉన్న రెండు పనులు, అయినా దూరం నుంచి చూస్తే అతుకు తెలియదు. 1958లో ఐబీఎం వచ్చింది. తాత్కాలికంగా ఉందామని వచ్చి 1963లో కొనేసింది.

ట్రైనింగుకి మాతో వచ్చిన కుర్రాడిది కరీంనగర్. గుమ్మం ముందు నిలబడి, "అక్కా, గిది ఆఫీసా? నేను పెండ్లి హాలనుకున్న" అన్నాడు. ఆ వెంటనే సెల్ఫీ.

తీరా చూస్తే మా క్లాసులు బంగళాలో కాదు, దాని వెనక కట్టిన లాబ్ భవనాల్లో. పనంతా అక్కడే. బంగళా మీటింగులకీ, వచ్చిపోయే అతిథులకీ. దాని నేలమాళిగలో పాత కంప్యూటర్ల మ్యూజియం ఒకటి ఉందట.

అక్టోబరు 8, మంగళవారం. విజయదశమి

ఇక్కడ దసరా ఒట్టి మంగళవారం. పొద్దున్నే కుర్రాడు లాప్‌టాప్‌కి బొట్టు పెట్టాడు. కుంకుమ ఎక్కడిదంటే, వాళ్ళమ్మ పాస్‌పోర్టు కవర్లో పొట్లం కట్టి పెట్టిందట. నా దానికీ పెట్టమన్నాను.

ఆయుధపూజకి ఇంతకంటే తగిన చోటు నాకైతే లేదు. 1998లో అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, కిక్స్ మూడూ కలిపి ఒకే కోర్సు. వై2కే గాలి వీస్తున్న రోజులు. గదిలో చోటు చాలక మెట్ల మీద కూచుని నోట్సు రాసుకునేవాళ్ళం. లావాదేవీలు నడిపే ఆ కిక్స్ సాఫ్ట్‌వేర్‌ని 1974 నుంచి తయారుచేస్తున్నది హర్స్‌లీవాళ్ళే. బ్యాంకులో డబ్బు తీసినా, విమానం టికెట్టు కొన్నా వెనకెక్కడో అది పని చేస్తూ ఉండే అవకాశం ఎక్కువ. మామూలు జనానికి దాని పేరు తెలియదు. తెలిసిందంటే ఎక్కడో ఏదో ఆగిపోయిందన్నమాట.

ఇంగ్లీషు పెద్దిళ్ళ ప్లాన్లు చూస్తుంటే ఇదే సూత్రం. పనిని దాచడానికి కట్టిన ఇళ్ళవి. నేలమాళిగలో వంటిల్లు, కొట్టు గదులు, సారాయి గది. పై అంతస్తులో ఎత్తైన కప్పుల కింద విందులు, విలాసాలు. అన్నిటికీ పైన, చూరు కింద పనివాళ్ళ పడకలు. అందుకే రెండు మెట్ల దారులు. ముందు మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా, పొడుగు గౌన్లు వేసుకున్నవాళ్ళు ఆయాసపడకుండా దిగేలా ఉంటాయి. వెనక మెట్లు ఇరుకు, నిటారు, చాలాచోట్ల చీకటి. పొద్దున్నే బొగ్గు తట్టలూ వేణ్ణీళ్ళ కూజాలూ పైకి, రాత్రి వాడిన కుండలు కిందకి, అన్నీ ఆ ఇరుకు దారినే. బరువు మోసేవాళ్ళకి నిటారు మెట్లు, చేతులూపుకుంటూ నడిచేవాళ్ళకి వాలు మెట్లు. ఏ ఇంజనీరైనా దీన్ని తిరగేసి కడతాడు.

వంట వాసన రాకూడదని వంటిల్లు దూరంగా పెట్టేవారు, దాంతో దొరగారికి చల్లారిన చారే గతి. మధ్య తలుపుకి ఆకుపచ్చ ఉన్ని బట్ట కొట్టి, మేకులతో బిగించేవారు, ఆవలి చప్పుడు ఈవలికి రాకుండా. మన మండువా ఇంట్లో వంటిల్లు ఏ మూలనున్నా పోపు ఘాటుకి వీధరుగు మీద తాతగారు తుమ్మాల్సిందే. ఈ ఇళ్ళలో ఆ తుమ్ము రాకుండా చూడటమే వాస్తుశిల్పం.

అక్టోబరు 9, బుధవారం

రోజంతా ముసురు. గెస్ట్‌హౌస్ కూడా పాత జార్జియన్ ఇల్లే కాబట్టి కిటికీ ముందు కూచుని దాన్నే చూశాను.

ఈ కిటికీకి మన కిటికీల్లా బయటికి తెరుచుకునే రెక్కలుండవు. రెండు అద్దాల చట్రాలు ఒకదాని వెనక ఒకటి, పైకీ కిందకీ జరుగుతాయి. ఇంత బరువైన చట్రం వేలితో తోస్తే లేచి, లేచినచోటే ఆగుతుంది. గుట్టంతా పక్క చెక్కపెట్టెలో ఉంది. చట్రానికి కట్టిన తాడు పైన చిన్న కప్పీ మీదుగా పోయి, లోపల వేలాడే ఇనుప గుండుకి ముడిపడి ఉంటుంది. చట్రం లేస్తే గుండు దిగుతుంది. కిటికీ ఎత్తుతుంటే గోడలో 'టక్' మని తగిలిన చప్పుడు అదే. ఎడమ తాడు కొత్తది, తెల్లగా ఉంది. కుడి తాడు మీద పెయింటు పొరలు పేరుకుని కర్రలా బిగుసుకుపోయింది. అందుకే కిటికీ కాస్త ఒరిగి లేస్తుంది. పెయింటు చెక్కిన చోట వరసగా తెలుపు, మీగడ రంగు, గోధుమ రంగు, మళ్ళీ తెలుపు.

ఒక అద్దంలోంచి చూస్తే ఎదురింటి పొగగొట్టం వంకరపోయింది. పాత అద్దం. వేడి గాజు ముద్దని గొట్టం చివర పెట్టి ఊది, గిరగిరా తిప్పితే పళ్ళెంలా పరుచుకునేది, దాన్నుంచి పలకలు కోసేవారు. పెద్ద పలక రాదు, అందుకే ఒక్కో చట్రంలో అన్నేసి గళ్ళు. అందం కోసం పెట్టారనుకుంటాం గానీ గాజు పళ్ళెం కొలతే ఆ గళ్ళ కొలత.

పాత ఇళ్ళలో ఇటుకలతో మూసేసిన కిటికీలు కనిపిస్తే గైడ్లంతా కిటికీ పన్ను అని చెబుతారు. పన్ను మాట నిజమే. 1696లో పెట్టి 1851లో ఎత్తేశారు. కానీ మూసిన ప్రతి కిటికీ పన్ను కోసం మూసింది కాదు. లోపల పొయ్యి గోడ అడ్డం వచ్చినా బయట వరస చెడకూడదని మొదటే దొంగ కిటికీ కట్టినవి బోలెడు.

నాన్న ఆర్ అండ్ బీలో ఓవర్సీరు. గోడ కనిపిస్తే ముందు బాండ్ చూడమనేవాడు. ఒక వరస నిడివి ఇటుకలు, పై వరస అడ్డ ఇటుకలు అయితే ఇంగ్లీష్ బాండ్. ఒకే వరసలో ఒకటి నిడివి, ఒకటి అడ్డం వస్తే ఫ్లెమిష్. 18వ శతాబ్దపు కలిగినవాళ్ళ ఇళ్ళ ముందు గోడలు ఎక్కువగా రెండోదే. ఇంగ్లీషువాడి గోడకి ఫ్లెమిష్ పేరు, మన సర్కారు కల్వర్టుకి ఇంగ్లీష్ పేరు. ఈ ఇటుకల మధ్యన ఉన్నది సున్నం. దాన్ని గీకేసి సిమెంటుతో పాయింటింగ్ చేస్తే గోడ లోపలి చెమ్మ బయటికి పోలేక మెత్తటి పాత ఇటుక ముఖం పొరలుగా ఊడిపోతుంది. గానుగ సున్నం గురించి నాన్న చెప్పినదీ ఇదే. ఆఫీసులో ఎవరూ వినేవారు కాదు.

అక్టోబరు 10, గురువారం

మధ్యాహ్నం భోజనం వేళ నేలమాళిగలో మ్యూజియం. పాత స్టోరేజి డిస్కులు, టెర్మినళ్ళు, పంచ్‌కార్డు యంత్రాలు. 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కుటుంబంలో మోడల్ 40 ఇక్కడే రూపకల్పన అయింది. వంటవాళ్ళూ అంట్లవాళ్ళూ తిరిగిన లోకంలో ఇవి అద్దాల వెనక. పనిముట్టుకి ఈ దేశంలో గౌరవం రావాలంటే ముందు అది పాతబడాలి.

కంప్యూటర్ల కంటే ముందు ఇక్కడ విమానాలు. 1940 సెప్టెంబరు 24న, 26న జర్మన్ విమానాలు సౌతాంప్టన్‌లో వూల్‌స్టన్ దగ్గరున్న సూపర్‌మెరైన్ ఫ్యాక్టరీ మీద బాంబులు వేశాయి. స్పిట్‌ఫైర్ కట్టేది అక్కడే. ఆ తర్వాత తయారీని ఒకేచోట ఉంచకుండా గరాజులకీ బస్సు షెడ్లకీ లాండ్రీలకీ పంచేశారు. డిజైన్ కార్యాలయం ఆ ఏడాది చివర్లో ఈ బంగళాకి చేరింది. జార్జి కూపర్ ఆ సంవత్సరమే పోయాడు. లేడీ కూపర్ కొన్నాళ్ళు ఇంట్లోనే ఒక భాగంలో సర్దుకుని, తర్వాత వెళ్ళిపోయింది. బాల్‌రూములో డ్రాయింగు బల్లలు వేశారు. స్పిట్‌ఫైర్ సృష్టికర్త మిచెల్ 1937లోనే పోయాడు కాబట్టి ఇక్కడ డిజైనర్లకి పెద్ద జోసెఫ్ స్మిత్. యుద్ధం సాగిన కొద్దీ కొత్త ఇంజన్లు, కొత్త రెక్కలు, నౌకాదళానికి సీఫైర్ అని మరో రూపం, అన్నీ ఆయన చేతికిందే. యుద్ధం అయ్యాక అటాకర్, స్విఫ్ట్, సిమిటార్ జెట్లు.

బాల్‌రూము డ్రాయింగు ఆఫీసుకి ఎందుకు పనికొచ్చిందో నిలబడి చూస్తే అర్థమవుతుంది. మధ్యలో స్తంభం లేదు, కిటికీలు ఎత్తుగా ఉన్నాయి, వెలుతురు బల్ల మీద పరుచుకుంటుంది. నాట్యానికి కావలసినవీ నక్షా గీయడానికి కావలసినవీ ఒకటే. పడకగదులకి ఆ అదృష్టం లేదు. పొయ్యి ఒక గోడ తినేస్తుంది, తలుపులు ఇంకో గోడ. బీరువా పెడితే బల్లకి చోటుండదు. పాత బంగళాలని ఆఫీసులు చేసినచోట ఎప్పుడూ వచ్చే పేచీ ఇదే. పెద్ద గదులు ఎవరికైనా సరిపోతాయి, చిన్న గదులు ఎవరికీ సరిపోవు.

అక్టోబరు 12, శనివారం. లండన్

బ్లూమ్స్‌బరీలో బెడ్‌ఫర్డ్ స్క్వేర్. వాన లేదు.

1770ల్లో మొదలుపెట్టి 1783 నాటికి పూర్తిచేసిన చదరం. నాలుగు పక్కలా ఇళ్ళ వరసలు, మధ్యలో కంచె వేసిన తోట. ఒక్కో వరసని ఒకే పెద్ద భవంతిలా కనిపించేలా కట్టి, మధ్య ఇళ్ళకి సున్నం పూసి, గుడి ముఖంలా ముక్కోణం పెట్టారు. ఉత్తరం, దక్షిణం వరసల్లో ఆ ముక్కోణం కింద అయిదు గోడకంబాలు. అంటే సరిగ్గా నడిమధ్యన కంబం వచ్చి కూచుంది. గుడికైనా కోటకైనా మధ్యలో ఉండాల్సింది గుమ్మం. శాస్త్రం తెలిసినవాళ్ళు అప్పట్నుంచీ నవ్వుతున్నారు. నాకు మాత్రం నచ్చింది. ఆ కంబం వెనక ఉన్నవి రెండు ఇళ్ళు, వాటి మధ్య గోడ సరిగ్గా అక్కడే ఉంది. వీధికి పెట్టిన అబద్ధపు ముఖంలో ఆ ఒక్క గీతే నిజం.

గుమ్మాల చుట్టూ ఉన్నది రాయి కాదు, కాల్చిన మట్టి. ఎలినార్ కోడ్ అనే ఆవిడ 1769 నుంచి లాంబెత్‌లో నడిపిన కార్ఖానా సరుకు. కమాను నడినెత్తిన గడ్డం పెంచిన ముసలాయన ముఖం, ముడతలు ఇప్పటికీ పదును. పక్కనున్న అసలు రాయి అరిగిపోయింది.

ఇప్పుడు ఇక్కడ కాపురాలు ఎక్కడా కనబడవు. 50 నంబరులో బ్లూమ్స్‌బరీ ప్రచురణ సంస్థ, ఇంకో పక్క ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ బడి. 49 ముందు ఆగిపోయాను. రామ్మోహన్ రాయ్ ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఉన్న ఇల్లు అని గోడకి పలక. మా నాయనమ్మ కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ఉపన్యాసాలు విన్న మనిషి. రాయ్ పెట్టిన బ్రహ్మసమాజం పేరెత్తితే చేతులు జోడించేది. కుర్రాడికి చెబితే, "మా సోషల్ బుక్కుల సతీ సార్ గదా అక్కా" అన్నాడు. ఆ సారే.

అక్టోబరు 13, ఆదివారం

హర్స్‌లీ చర్చి. రాజుని దించి దేశాన్ని ఏలిన క్రామ్‌వెల్ కొడుకు రిచర్డ్‌ని ఇక్కడే పాతిపెట్టారు. తండ్రి తర్వాత ఏడాది కూడా నిలవకుండా పదవి వదిలేసిన మనిషి. ఈ ఎస్టేటు అతనికి పెళ్ళివల్ల వచ్చింది. అప్పటి ఇల్లు వేరు. అతను 1712లో పోయాక కూతుళ్ళ దగ్గర హీత్‌కోట్ కొని, దాన్ని కూలగొట్టి ఇప్పటిది కట్టాడు. కూల్చేటప్పుడు గోడలో రాజులేని కాలపు రాజముద్ర అచ్చు దొరికిందని చెప్పుకుంటారు. వారసత్వం, వారసత్వం అంటారు గానీ ఇప్పుడు మేకు కొట్టనివ్వని ఈ ఇల్లే ఒకప్పుడు అంతకంటే పాత ఇంటిని పడగొట్టి లేచింది.

అక్టోబరు 15, మంగళవారం

మేకు సంగతి.

ఇంగ్లండ్‌లో రక్షిత భవనాలు మూడు తరగతులు: ఒకటి, రెండు-నక్షత్రం, రెండు. హర్స్‌లీ రెండు-నక్షత్రం. అన్నిట్లోకీ అది దాదాపు ఆరు శాతమే. దీని స్వరూపం మార్చే పని ఏది చేసినా ముందు అనుమతి కావాలి. లేకుండా చేస్తే జరిమానాతో పోయే వ్యవహారం కాదు, క్రిమినల్ నేరం. లోపలి గోడలూ మెట్లూ పొయ్యిలూ కూడా లెక్కలోకే వస్తాయి, ముందు గోడ ఒక్కటే కాదు.

అలాంటి ఇంట్లో ఆఫీసు పెట్టడం అంటే రోజూ ఒక బేరం. కప్పు అంచున పూలతీగల సున్నపు పని ఉంటే అడ్డగోడ దాన్ని కోస్తూ పోకూడదు. అందుకని గదిలో గదిలా, కప్పుకి తగలని గాజుపెట్టె పెడతారు. రేపు తీసేస్తే గది మళ్ళీ గదే. ఏసీ గొట్టాలకి ఖాళీ పొయ్యి గూళ్ళు దారి. కేబుళ్ళు నేల పలకల కింద, పనివాళ్ళని పిలిచే పాత గంటల తీగలు నడిచిన దారుల్లో. కిటికీకి రెండో అద్దం వెయ్యాలంటే పాత చట్రాన్ని ముట్టుకోకుండా లోపలివైపు విడిగా. నిప్పుని ఆపే తలుపుల దగ్గరే అసలు గొడవ. పాత తలుపు పలక పల్చన, కానీ దాన్ని పీకి కొత్తది పెట్టకూడదు. వేడికి ఉబ్బి సందు మూసుకునే పట్టీలు దాని అంచుల్లో దూర్చి, వెనక పూత పూస్తారు. ఇంత హింస దేనికి, కొత్త బిల్డింగు కట్టుకోవచ్చుగా అని మన బిల్డర్లు అంటారు. ఇక్కడి బిల్డర్లూ అన్నారు, చేశారు కూడా. వారసత్వ పన్నులు, పనివాళ్ళు దొరక్కపోవడం, యుద్ధంలో సైన్యం వాడి వదిలేసిన పాడు, అన్నీ కలిసి ఇరవయ్యో శతాబ్దంలో వందల కొద్దీ పల్లె భవనాలు నేలమట్టమయ్యాయి. 1974లో లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ పోయినవాటి మీదే ఒక ప్రదర్శన పెట్టింది. మిగిలినవాటిలో చాలావాటిని కాపాడింది మాత్రం ప్రేమకంటే అద్దె. బడి, ఆసుపత్రి, హోటలు, ఆఫీసు. హర్స్‌లీకి 1940 నుంచి ఖాళీగా ఉండే తీరికే దొరకలేదు. దాని అదృష్టమంతా అదే.

కూపర్ నాటి చెక్కపలకల కథ కూడా రాయాలి. వించెస్టర్ కాలేజీ ప్రార్థనాలయంలో 1680ల నాటి ఓక్ పలకలు ఉండేవి. 1870ల్లో ఫ్యాషన్ కాదని పీకేశారు. చివరికి అవి హర్స్‌లీ బంగళాకి చేరాయి. తర్వాత బడివాళ్ళే మళ్ళీ తెచ్చుకుని, వాటి కొలతకే ఒక హాలు కట్టి 1961లో తెరిచారు. గోడకి పలకలు చేయిస్తారు అందరూ. వీళ్ళు పలకలకి గోడ చేయించారు.

అక్టోబరు 16, బుధవారం

నిద్ర పట్టక రాస్తున్నాను. నేను డిగ్రీ చదివిందీ ఇలాంటి ఇంట్లోనే కదా. కోఠీ ఉమెన్స్ కాలేజీ. 1800 తర్వాత బ్రిటిష్ రెసిడెంటు కర్క్‌ప్యాట్రిక్ మొదలుపెట్టించిన రెసిడెన్సీ, నక్షా మద్రాసు ఇంజనీర్లలో ఉన్న శామ్యూల్ రసెల్‌ది. ముందు ఆరు కోరింథియన్ స్తంభాలు, మెట్లకి రెండు వైపులా సింహాలు. ఇంగ్లండ్ పల్లె భవనపు ముఖం మూసీ ఒడ్డున. ఇంగ్లీషువాడు అక్కడ ఒక్క కాపురానికే కట్టలేదు, నిజాముకి చూపించడానికి కట్టాడు. 1949లో ఆడపిల్లల కాలేజీ అయింది. మేము సింహాల మీద పుస్తకాలు పెట్టి ఐస్‌ఫ్రూట్ తినేవాళ్ళం. దర్బారు హాల్లో పెచ్చులూడిన కప్పు కింద చప్పుడు చెయ్యద్దని వాచ్‌మన్ తిట్టేవాడు. ఆ వెడల్పు మెట్లు ఎక్కుతూ దిగుతూ మాకెప్పుడూ మేము అతిథులం అనిపించలేదు. ఇక్కడి ఆఫీసుల్లో మాత్రం అనిపిస్తోంది. మాకు అక్కడ ఆ ఇల్లు ఎవరూ చూపించలేదు, వదిలేశారు. అందుకేనేమో.

అక్టోబరు 18, శుక్రవారం. లండన్

ఆఖరి ప్రెజెంటేషన్ క్లయింటు ఆఫీసులో. పేరు రాయను. బ్లూమ్స్‌బరీలోనే ఒక వీధిలో, జార్జియన్ వరస ఇళ్ళలో రెంటిని కలిపేసి చేసిన ఆఫీసు. మొదటి అంతస్తులో ముందు గది, ఒకప్పటి డ్రాయింగ్ రూము, ఇప్పుడు బోర్డు రూము. చలువరాయి పొయ్యిగూడు, దానిలో పూలకుండీ, పైన టీవీ. డైరెక్టర్ల గదులన్నీ ఆ అంతస్తులోనే. ఒక్కో అంతస్తూ ఎక్కేకొద్దీ కప్పు దిగి, కిటికీ కురచై, జీతం తగ్గుతుంది. చూరు కింద, పనిమనుషులు పడుకున్నచోట, టెస్టింగ్ టీము. మాతో ఫోన్లో మాట్లాడేది వాళ్ళే. మొహాలు ఇవాళ చూశాం. అందరూ తల వంచుకుని నడుస్తున్నారు. దూలం తగులుతుంది.

మధ్యలో టీ. గోడ పలకల్లో కలిసిపోయిన ఒక తలుపు తెరుచుకుంది. అప్పటిదాకా అక్కడ తలుపుందని ఎవరం గమనించలేదు. ఒకమ్మాయి రెండు చేతుల్లో ట్రేతో వచ్చింది, వగరుస్తోంది. వంటగది నేలమాళిగలో. లిఫ్టు కొత్త వైపు ఇంట్లో ఉంది, ఇటు రాదు. ఇటు దారి ఆ తలుపు వెనకున్న మెట్లే. తొంగి చూశాను. ఇరుకు, నిటారు. చెయ్యి పట్టుకునే తాడు ఒకటి, అరిగిన అంచులకి పసుపు టేపు.

"ఇంకో ట్రే ఉన్నదా? నేను దెస్త" అని మావాడు తెలుగులోనే అనేసి లేచాడు. ఆ అమ్మాయికి అర్థమైపోయి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ మెట్ల మీద స్టాఫ్ తప్ప ఎవరూ దిగకూడదు, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు అంది. మావాడు నా వైపు తిరిగి, "చూసినవా అక్కా, గా మెట్లకు సుత మనం పనికి రాం" అన్నాడు.

బిస్కట్లు బాగున్నాయి. సైన్-ఆఫ్ మెయిలు సోమవారం పంపుతామన్నారు.